ప్రశ్నకును సమాధానమునకును నడుమ

మా మేనమామ బేతాళకథ చదివి వినిపించునపుడు సరిగా ప్రశ్న దగ్గఱకు రాగానే పుస్తకము మూసివేసెడివాడు. అప్పటికి రాత్రి తొమ్మిది దాటియుండును. తెనాలి నుండి వచ్చిన ఆఖరుబండి, ఇంక ముందుకు పట్టాలు లేని రేపల్లె స్టేషనులో ఆవిరి వదలి ఊరకుండును. వసారాలో నులకమంచముపై పిల్లలము నలుగురము ఆయన చుట్టు మూగియుందుము. శవమును భుజమున వైచుకొని శ్మశానము దిక్కునకు నడచు విక్రమార్కునకు బేతాళుడు కథ చెప్పి ముగించి, తన సందేహమును వెల్లడించి, సమాధానము తెలిసియు చెప్పకపోయినచో తల పగిలిపోవునని హెచ్చరించు ఆ ఘట్టము వఱకును చదివి, వ్రేలిని పుటల నడుమ నుంచి, “ఏరా, విక్రమార్కుడి సంగతి అట్లా ఉంచు. నువ్వైతే ఏం చెబుతావు?” అని అడిగెడివాడు. తరువాతిది చదువుమని మేమెంత బ్రతిమాలినను వినక, “రేపు రాత్రికి చెప్పండి” అని దీపము తగ్గించి లేచిపోయెడివాడు.

మఱునాటి రాత్రి మా నలుగురి సమాధానములును వరుసగా వినెడివాడు. ఒప్పనియు తప్పనియు అనెడివాడు కాదు, ఒక్కొక్కరిని “ఎందుకని?” అని మాత్రమే అడిగెడివాడు. ఆ ప్రశ్నకు నిలువలేక ముందు చెప్పినదానిని మాలో కొందఱు తామే మార్చుకొనుటయు, మార్చుకొన్నదానిని మరల సమర్థించుకొనుటయు జరిగిన పిమ్మటనే పుస్తకము తెఱచుట. ఒకమాఱు మా చెల్లెలు చెప్పిన తీర్పు విక్రమార్కుని తీర్పుకంటె న్యాయముగా నున్నదని ఆయన ఒప్పుకొని, ఆ పుట అంచున పెన్సిలుతో దాని మాటలనే వ్రాసిపెట్టెను. ఎనిమిదేండ్ల పిల్ల మాట రాజుగారి మాటకంటె మేలు కావచ్చునని మాకు తెలిసినది ఆ రాత్రియే.

ఆలోచించుట యనెడి విద్య నాకు అలవడినది, ప్రశ్న వినిన రాత్రికిని సమాధానము వినిన రాత్రికిని నడుమనున్న ఆ పగటియందే. బడికి నడచుచు, కాలువగట్టున తూనీగల వెంటబడుచు, అన్నము ముందు కూర్చుండియు మేమా చిక్కును విప్పుకొనుచుండెడివారము. ఈ వ్యాసమంతయు ఆ పగటిని గుఱించినదే.

పిల్లలకు ఆలోచనాశక్తిని, సమస్యలను పరిష్కరించు నేర్పును అలవఱచవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానము నొక్కి చెప్పినది. అంతకు ముందు 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికాచట్రము చదువును బట్టీపద్ధతి నుండి మఱలింపవలెనని కోరినది. తలిదండ్రులును అదియే కోరుచున్నారు. అయినను ఆ నేర్పు ఏదో దూరదేశము నుండి దిగుమతి కావలసిన క్రొత్తవస్తు వైనట్లు పెద్దలు మాటలాడుట వినినపుడెల్ల నాకు మనస్సు నొచ్చును. తెనాలి, రేపల్లె, బాపట్లల చుట్టునున్న ఈ డెల్టానేలపై అట్టి విద్య ఎన్ని తీరుల వర్ధిల్లినదో ఒకమాఱు నెమ్మదిగా తలచుకొనుట అవసరమని తోచి ఈ కలము పట్టితిని.

మా మేనమామ చేతిలోని ఆ ‘చందమామ’ పుస్తకమే తెనాలివారి చలువ. 1947 జూలైలో మద్రాసున ‘చందమామ’ను నెలకొల్పిన ఇరువురిలో నాగిరెడ్డిగారికి తోడైన చక్రపాణిగారు, అనగా ఆలూరి వెంకట సుబ్బారావుగారు, 1908లో తెనాలిలో పుట్టినవారు. 1952 నుండి 1980లో కన్నుమూయువఱకును ఆ పత్రికను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారు 1909లో తెనాలిలోనే పుట్టినవారు; భౌతికశాస్త్రము చదివినవారు; కథ వ్రాసినను సైన్సు వ్యాసము వ్రాసినను కార్యకారణసంబంధమును విడువనివారు. పదకొండవ శతాబ్దిలో కాశ్మీరమున సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరమునందు ఉన్న బేతాళకథలు పంచవింశతి యను పేరునకు తగినన్ని మాత్రమే. అవి ముగిసిన పిదప కూడ ‘చందమామ’ ఆ చట్రమును విడువలేదు. అదే చెట్టును, అదే శవమును, అదే మౌననియమమును ఉంచి, లోపలి కథలను మాత్రము క్రొత్తగా కల్పించుచు దశాబ్దముల తరబడి నడపినది. కత్తి చేతబట్టి శవమును మోయుచు నడచు రాజును శంకర్‌గారు గీసిన బొమ్మలో చూడని తెలుగుబిడ్డ ఆ తరములలో అరుదు. అనేక భారతీయభాషలలో వెలువడిన ఆ పత్రిక ద్వారమున, నెలకొక్క చిక్కుప్రశ్న దేశములోని పిల్లల ముందఱ నిలిచినదనిన, దాని వెనుక తెనాలి వీధులలో పెరిగిన బుద్ధులున్నవని మనము గర్వింపవచ్చును.

ఆ కథాచట్రమును ఉపాధ్యాయశిక్షణాలయములలో బోధనాశాస్త్రగ్రంథముగా చదివింపవలెనని నా చిరకాలవాంఛ. అందులోని ప్రశ్న పాఠము చివర అతికించినట్టిది కాదు. కథయందలి మనుష్యుల సుఖదుఃఖముల నుండి తనంత తానే పుట్టుకొని వచ్చును. ముగ్గురు త్యాగము చేసియుందురు. ఎవని త్యాగము గొప్పది? రెండు పక్షములందును న్యాయము కనబడుచుండును గనుక వినువాడు తూచి చూడక తప్పదు. తెలిసి చెప్పకపోవుట దోషము. అనగా భయముచేతనో సోమరితనముచేతనో ఆలోచనను దాచుకొనుటకు వీలులేదు. సరియైన సమాధానము చెప్పినంతనే మౌనభంగమై శవము చెట్టెక్కును. రాజు వెనుకకు మఱలి మరల చెట్టు కడకు నడువవలయును. ఒప్పు చెప్పినవానికి బహుమానముగా దొరకునది మఱియొక ప్రశ్నయే! మార్కులకు మరగిన మనకు ఇది కఠోరముగా తోచును గాని, వైద్యుడు గాని ఇంజనీరు గాని సేద్యగాడు గాని తన బ్రతుకులో ఎఱిగినది ఈ న్యాయమునే.

అన్నిటికంటె గంభీరమైనది తుది ఘట్టము. సోమదేవుని కావ్యమున బేతాళుని చివరిప్రశ్నకు రాజునకు సమాధానము తోచదు. తోచక, తోచినట్లు నటింపక, మౌనముగా నడచును. ఆ మౌనమునకే బేతాళుడు సంతోషించి, శవమును తెమ్మని పంపిన భిక్షువు పన్నిన కపటమును వెల్లడించి రాజును రక్షించును. తెలిసి పలికినన్ని మాఱులు దొరకని విడుదల, తెలియక ఊరకున్న ఒక్కమాఱు దొరికినది. మన తరగతిగదులలో ‘తెలియదు’ అను మాటను ఏ పిల్లవాడైనను తలవంచుకొనక పలుకగలుగుచున్నాడా? ఉపాధ్యాయుడు పలుకగలుగుచున్నాడా? ఈ రెండవ ప్రశ్నయే నన్ను ఎక్కువగ బాధించును.

‘సమస్య’ యను మాటనే చూడుడు. నీటి సమస్య, రోడ్ల సమస్య యని దానిని నేడు కష్టమునకు పర్యాయముగ వాడుచున్నాము. సంస్కృతమున ‘అస్’ ధాతువునకు విసరుట యని యొక అర్థము. ‘సమ్’ అను ఉపసర్గ చేరినపుడు అది ఒక్కచోటికి చేర్చివైచుట, విడివడిన ముక్కలను కూర్చుట యగును. గ్రీకుమూలమైన ‘ప్రాబ్లెమ్’ అను ఆంగ్లపదమును విసరుట యను అర్థముగల ధాతువు నుండియే పుట్టినది గాని, అచ్చట భావము ముందునకు విసరబడినదని. వారి మాటలో అది ఎదుట వచ్చి పడినది; మన మాటలో అది కూర్పబడ వేచియున్నది. ఈ రెండు చూపులకు నడుమ ఎంత దూరమున్నదో పిల్లలకు లెక్కలు చెప్పువారు తలపోయవలయును.

అవధానసభలో ఈ మాటకు ఆ పూర్వార్థమే నిలిచియున్నది. పృచ్ఛకుడు ఒక పద్యపాదము నిచ్చును. అది లోకవిరుద్ధముగనో, శాస్త్రవిరుద్ధముగనో, వినినంతనే చెవులు మూసికొనవలసినట్లుగనో ఉండును. దానిలో ఒక్క అక్షరమును మార్చుటకు వీలులేదు; మిగిలిన పాదములతో దాని చుట్టు మఱియొక లోకమును కల్పించి, అసంగతమైనదానిని సుసంగతము చేయుట అవధాని పని. అష్టావధానమున ఆయన ఒక్కొక్క ఆవృత్తికి ఒక్కొక్క పాదము చెప్పి, తక్కిన పృచ్ఛకుల వైపు మఱలును. అంతవఱకు సభ యేమి చేయును? తానును పూరించును. తిరుపతి వేంకటకవుల కాలము నుండి తెలుగునాట ఊరూర జరిగిన ఈ సభలలో చాపలపై కూర్చున్న రైతును, కోమటియు, బడిపంతులును లోలోపల తమ తమ పూరణలను అల్లుకొనుచు, తుదకు అవధాని పూరణ వెలువడగానే తమదానితో సరిపోల్చుకొని ఆనందించెడివారు. ఆ ఆనందము తాము ప్రయత్నించి యుండుటచేతనే కలిగినది; ప్రయత్నింపనివానికి అది వట్టి పద్యము. మా మేనమామ పుస్తకములో పెట్టిన వ్రేలును, అవధాని ఆవృత్తుల నడిమి ఎడమును నాకొక్కటిగనే కనబడును.

ఇంక గణితమునకు వత్తము. ఇంకొల్లు దాపున పావులూరు అను గ్రామము కలదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను పునర్విభజించినపుడు తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోగా, రేపల్లె క్రొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాకు వచ్చినది. అదివఱకు ప్రకాశం జిల్లాలో నుండిన పావులూరును అట్లే వచ్చి చేరినది. తెనాలితో తెగిన బాధ మా ఊరివారికి కొంత లేకపోలేదు గాని, పావులూరి మల్లనతో ఒక్క జిల్లావారమైతిమి గదా యని నాకొక తృప్తి. కమ్మనాటి పావులూరికి కరణమైన ఈ మల్లనను కొందఱు పండితులు పదకొండవ శతాబ్దివానిగను కొందఱు ఆ తరువాతివానిగను ఎంతురు. రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున, తొమ్మిదవ శతాబ్దిలో, మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును ఆయన తెలుగుపద్యములలోనికి తెచ్చెను. అది తెలుగున వెలసిన తొలి గణితకావ్యము. తెచ్చుటలో ఆయన చూపిన వివేకము గమనింపదగినది. వర్గము కట్టుటకు మూలమున ఐదు పద్ధతు లుండగా ఒక్కదానినే నిలుపుకొనెను; ఘనము కట్టుటకు ఏడుండగా ఒక్కదానినే; బీజగణితపు లెక్కలను విడిచివైచెను. కరణము గనుక చదువువాడెవ్వడో, వాని అవసరమేమో ఎఱుగును. పద్ధతులు ఏడు నేర్చి ఎచ్చట ఏది వాడవలెనో తోచక నిలిచిపోవు విద్యార్థికంటె, ఒక్కటి నేర్చి దానిని తనదిగా చేసికొన్నవాడు మేలని ఆయన భావించియుండునని నా ఊహ.

మల్లన పేరట ప్రసిద్ధమైన పద్య మొకటి చదరంగపు బల్లపై గింజల లెక్కను గుఱించినది. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు గడిగడికి ఇనుమడించుచు అఱువదినాలుగు గడులను నింపిన మొత్తమెంత? 1,84,46,74,40,73,70,95,51,615. ఇరువది అంకెలు గల ఈ సంఖ్యను ఆ పద్యము మాటలతో నిలిపినది: చంద్రుడనిన ఒకటి, వేదములనిన నాలుగు, శరములనిన ఐదు, గిరులనిన ఏడు, కుంజరములనిన ఎనిమిది, గగనమనిన సున్న; కుడి నుండి ఎడమకు చదువుకొనుచు పోవలయును. ఒక్క మాట జాఱినచో ఛందస్సు చెడును గనుక ఒక్క అంకె జాఱుటకు వీలులేదు. కంఠస్థవిద్యను నిందించువారు ఈ పద్యము వంటివానిని ఒకమాఱు తలచుకొనుట మంచిది. ధారణ బుద్ధికి శత్రువు కాదు. ఎక్కములు రానివాడు లెక్క మధ్యలో ఎక్కము వెదకుకొనుచు అసలు ప్రశ్ననే మఱచిపోవును.

మా బడిలోని లెక్కల మాస్టారు ఈ పద్యమును మాకు చెప్పిన తీరు ఇప్పటికిని కన్నులకు కట్టినట్లున్నది. ఒకనాడు ఆయన గుప్పెడు వడ్లు తెచ్చి బల్లపై పోసి, డెబ్బదియైదు కిలోల బస్తాలో గింజలెన్ని యుండునని అడిగిరి. ఎట్లు కనుగొనవలెనో చెప్పలేదు. ఒకడు లెక్కపెట్టబోయి మున్నూటి దగ్గఱ తప్పిపోయెను. ఒకడు సోలతో కొలువవచ్చుననెను; సోలలో మాత్రము ఎన్నియున్నవో ఎవరు ఎఱుగుదురని మఱియొకడు అడ్డువచ్చెను. కడపటి వరుసలో కూర్చుండు కంసాలివారి పిల్లవాడు, ఆ దినమువఱకు తరగతిలో నోరు విప్పనివాడు, “మా నాన్న త్రాసు తెస్తానండి. వెయ్యి గింజలు లెక్కబెట్టి తూస్తే చాలు గదండీ” అనెను. మాస్టారు కుర్చీలో నుండి లేచి నిలువబడిరి. మఱునాడు పదిమందిమి నూఱేసి గింజలు లెక్కించి ఇచ్చితిమి; వేయి గింజలు ఇంచుమించు ఇరువది గ్రాములు తూగినవి. కిలోకు ఏబదివేలు; బస్తాకు ముప్పదియేడు లక్షల ఏబదివేలు.

అప్పుడాయన చదరంగపు బల్ల నల్లబల్లపై గీసి, ఎన్నవ గడికి చేరుసరికి మన బస్తా అయిపోవునని అడిగిరి. అఱువది యనినవారుండిరి, నలుబది యనినవారుండిరి. నేను ఏబది యంటిని. కూడుకొనుచు పోగా ఇరువదిరెండవ గడి నిండక మునుపే బస్తా ఖాళీ! సగము బల్లకు, అనగా ముప్పదిరెండు గడులకు, 1,145 బస్తాలకు పైగా కావలసి వచ్చినది. అటుపిమ్మట ఆయన ఆ పద్యము చదివిరి. బల్ల అంతయు నింపుటకు ప్రపంచమెల్ల ఇప్పటి లెక్కన ఏటేట పండించు వరిధాన్యమును నాలుగువందల ఏండ్లకు పైగా పోయుచుండవలెనని పెద్దవాడనైన తరువాత నేను గుణించుకొంటిని. ఆ పద్యము ముందుగా చెప్పి, వల్లెవేయుమనియుండినచో ఇరువది అంకెలు నాకు వచ్చియుండును గాని, ఇనుమడించుట యనిన ఏమో ఒడలికి తెలిసియుండెడిది కాదు.

హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన గణితవేత్త జార్జి పోల్యా 1945లో ప్రకటించిన గ్రంథమున సమస్యాసాధనమును నాలుగు మెట్లుగా చెప్పెను: ప్రశ్నను అర్థము చేసికొనుట, ఉపాయము పన్నుట, దానిని నిర్వహించుట, తుదకు వెనుదిరిగి చూచుట. పెద్దప్రశ్న లొంగనపుడు దానిని పోలిన చిన్నప్రశ్నను వెదకుమనియు, ఉపాధ్యాయుడు మితిమీఱి సాయపడినచో విద్యార్థికి పని మిగులదనియు, అసలే సాయపడనిచో వాడు ముందుకు సాగడనియు ఆయన హెచ్చరిక. ఆ గ్రంథమును చదివినపుడు నాకు బస్తాకు బదులు వేయి గింజలను తూచిన ఆ పిల్లవాడును, కుర్చీలో నుండి లేచి నిలిచినను తాను తీర్పు చెప్పని మా మాస్టారును జ్ఞప్తికి వచ్చిరి.

పూర్వపు వీధిబడులన్నియు ఇట్లే వెలిగినవని నేననను. 1822లో సర్ థామస్ మన్రో మద్రాసు రాజధానిలోని బడుల లెక్క తీయించినపుడు గుంటూరు జిల్లాలో 574 బడులును, వానిలో 7,622 మంది విద్యార్థులును ఉన్నట్లు తేలినది. సంఖ్య చిన్నది కాదు. అయితే బళ్లారి కలెక్టరు కాంబెల్, 1823లో తన జిల్లాలోని 533 బడులను గుఱించి వ్రాయుచు, ఇసుకలో వ్రేలితో వ్రాయించు మితవ్యయపద్ధతిని, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పు పద్ధతిని మెచ్చుకొనుచునే, ఆ పిల్లలు పద్యములను అర్థమెఱుగక చిలుకల వలె వల్లించుచున్నారని నొచ్చుకొనెను. ఆయన నొచ్చుకొన్నది నిజమే. పెద్దపిల్లవాడు చిన్నవానికి చెప్పు పద్ధతిని మద్రాసులో ఆండ్రూ బెల్ ప్రయోగించి, 1797లో గ్రంథముగా ప్రకటింపగా అది ఇంగ్లండునకు పోయి ‘మద్రాసు పద్ధతి’ యను పేరట వ్యాపించినది, అదియు నిజమే. తోడివానికి చెప్పబోవు పిల్లవాడు తనకు తెలియనిదేదో అప్పుడే కనుగొనును గనుక, ఆ పద్ధతిలో ఆలోచనకు చోటున్నది. ఇసుకను, అరుగులపై సుద్దతో గీసిన పులిజూదమును, వామనగుంటలను, అమ్మమ్మల పొడుపుకథలను కలుపుకొని చూచినగాని నాటి పిల్లవాని బుద్ధికి దొరకిన పోషణ మనకు తెలియదు.

నేటి పిల్లవానికి దొరకుచున్న దేమి? రాష్ట్రప్రభుత్వపు గణితపాఠ్యపుస్తకములను తెఱచినచో ‘ఇవి చేయండి’, ‘ప్రయత్నించండి’, ‘ఆలోచించి, చర్చించి రాయండి’ అను పెట్టెలు అడుగడుగున కనబడును. వానిని కూర్చినవారి సదుద్దేశమునకు నమస్కరించుచున్నాను. కాని అంగడిలో అదే పుస్తకమునకు గైడు దొరకును. ఆ గైడులో ‘ఆలోచించి, చర్చించి రాయండి’ అనుదానికి క్రిందనే ఆలోచించి, చర్చించి, వ్రాయబడిన సమాధానము ముద్రితమై యుండును. పిల్లవాడు దానిని ఎత్తివ్రాసికొని మార్కులు తెచ్చుకొనును. ఇది చూచినపుడు నాకు పిల్లవానిపై కోపము రాదు. వాని పగటిని, మా మేనమామ మాకిచ్చిన ఆ పగటిని, ఎవరో అపహరించిరని దుఃఖము కలుగును.

ప్రవేశపరీక్షల వేగమును చూపి కొందఱు తలిదండ్రులు నాతో వాదింతురు. వారి భయము సహేతుకమే. రాష్ట్రపు ఇంజనీరింగు ప్రవేశపరీక్షలో 160 ప్రశ్నలకు 180 నిమిషములు; ప్రశ్నకు నిమిషము మీద ఏడెనిమిది సెకనులు. అచ్చట కూర్చుండి వేయి గింజలు తూచుటకు వ్యవధి లేదు. అయినను ఆ కొద్దిపాటి వ్యవధిలో దారి కనుగొను శక్తి, ఆఱవతరగతిలోనో ఏడవతరగతిలోనో ఒక్క లెక్కతో రెండు దినములు కుస్తీపట్టినవానికే పుట్టును. నిదానముగా నడచి త్రోవలన్నియు ఎఱిగినవాడే చీకటిలో పరుగెత్తగలడు. త్రోవ ఎఱుగకయే పరుగు నేర్చిన పిల్లవాడు, ప్రశ్నలో ఒక్క మాట మార్చినంతనే నిలిచిపోవుట నేనెన్నోమాఱులు చూచితిని. వాడు తెలివితక్కువవాడు కాడు. వానికి నిలిచి చూచుట యెవ్వరును నేర్పలేదు, అంతే.

ఈ నిలుచుటను కొలిచినవారు కూడ ఉన్నారు. మేరీ బడ్ రో అను అమెరికా విద్యావేత్త పాఠశాలలలో సైన్సు పాఠములను రికార్డు చేసి పరిశీలించి, ఉపాధ్యాయుడు ప్రశ్న అడిగిన పిదప సగటున ఒక్క సెకనుకంటె ఎక్కువ ఆగుటలేదనియు, ఆ ఒక్క సెకనును మూడు సెకనులకు పొడిగించినచో పిల్లల సమాధానములు దీర్ఘములగుననియు, ఊరకుండెడివారు పలుకుదురనియు, వారే తిరిగి ప్రశ్నలు వేయుదురనియు 1970ల తొలియేండ్లలో ప్రకటించెను. మూడు సెకనులు! ఖర్చులేని పని, పుస్తకము వలదు, యంత్రము వలదు, ప్రత్యేకమైన గంట వలదు. అయినను ఇది ఎంత కష్టమో తరగతిగదిలో నిలుచున్నవారికే తెలియును. నలుబది జతల కన్నులు చూచుచుండగా నిశ్శబ్దముగ నిలుచుటకు ఉపాధ్యాయునకు ధైర్యము కావలయును. సిలబసు వెనుకనుండి తఱుముచుండగా ఆ ధైర్యము నిలుపుకొనుట మఱింత కష్టము. ఆ కష్టమును భరించుచున్న ఉపాధ్యాయులు ఈ ప్రాంతపు ప్రభుత్వపాఠశాలలలో నాకు పలువురు తెలియుదురు. వారిని చూచియే నాకీ విషయమున నిరాశ లేదు.

అడుగదలచినవారికి ఈ నేలపై ప్రశ్నలకు కఱవు లేదు. కృష్ణాపశ్చిమడెల్టాలో రేపల్లె కాలువల చివర నున్నది. ఎగువ పొలములు నిండుచుండగా చివరి భూములకు నీరు ఆలస్యముగా చేరునెందుకు? తూములు విశాలము చేసినచో చేరునా, లేక ఎగువవారే ఎక్కువ తీసికొందురా? వంతులు పెట్టినచో రాత్రి వంతు ఎవరిది? ఆటుపోట్లకు ఉప్పునీరు మురుగుకాలువల వెంబడి ఎంతవఱకు పైకి వచ్చును? వీనిలో లెక్కయున్నది, భౌతికశాస్త్రమున్నది, న్యాయవిచారమున్నది. బేతాళుని ప్రశ్నలో వలెనే ఇరుపక్షములందును న్యాయమున్నది. గట్టుపై నడపించి ఈ ప్రశ్నలడిగినచో, నోటుపుస్తకములో వెనుకబడిన రైతుబిడ్డ తరగతి కంతటికిని ముందు నిలుచును. ఏ గైడులోను దొరకని ప్రశ్నలు గనుక ఇవి ఇంకను పిల్లలవే.

మా మేనమామ నన్ను ఒక ఆదివారమునాడు భట్టిప్రోలు తీసికొనిపోయెను. రేపల్లెలో బండి యెక్కి పల్లెకోన దాటినచో తరువాతి స్టేషను అదియే. అచ్చటి బౌద్ధస్తూపపు దిబ్బను 1892లో అలెగ్జాండర్ రీ త్రవ్వించగా అక్షరములు చెక్కిన రాతిభరిణెలు బయల్పడినవి. వానిపై లిపి అశోకుని బ్రాహ్మిని పోలియుండియు దానితో సరిపడదు. కొన్ని అక్షరముల రూపమే వేఱు. పైగా అశోకుని శాసనములలో దీర్ఘమును తెలుపు గీత ఇచ్చట హల్లు హల్లునకును కనబడును. ఆ గీతను అట్లే చదివినచో మాటలన్నియు సాగిపోయి ప్రాకృతము ప్రాకృతముగా నుండదు. ఆ గీత ఇచ్చట దీర్ఘము కాదు, హ్రస్వమైన అకారమే యనియు, దీర్ఘమునకు ఇచ్చటివారు వేఱు గుర్తు పెట్టుకొనిరనియు లిపిశాస్త్రజ్ఞుడు బ్యూలర్ తేల్చి 1894లో ప్రకటించెను. ఇది యంతయు మా మేనమామ నాకు ఒక్క మాటుగా చెప్పలేదు. బండిలో రెండు కాగితపు ముక్కలపై రెండు తీరుల అక్షరములు వ్రాసి యిచ్చి, “ఇక్కడ అన్నిటికీ దీర్ఘమే ఉందేమిరా?” అని మాత్రమడిగి, కిటికీలో నుండి పొలములు చూచుచు కూర్చుండెను.

ఊరిలోని దిబ్బలలో ఒకదానిని విక్రమార్కకోట దిబ్బ యందురు. ఆ పేరు వినినంతనే నాకు పొంగు వచ్చినది. దాని దిక్కునకు నడచుచుండగా, ఆ కాగితమును అప్పటికి నూఱవమాఱు చూచుకొనుచున్న నాకు ఒక ఊహ తట్టినది.

“మామయ్యా, ఆ గీత మన తలకట్టేనా?”

ఆయన ఆగెను. నా చేతిలోని కాగితమును తీసికొని, వెలుగునకు ఎత్తి చూచి, మరల నా చేతికిచ్చెను.

“తెలియదురా,” అనెను. “నాకెప్పుడూ తోచలేదు.”

పిదప వంగి ఒక సుద్దరాతి ముక్కను ఏఱుకొని, ప్రక్కనున్న బండపై తలకట్టుతో ఒక ‘క’ వ్రాసి, తలకట్టు తీసివేసి దాని దాపున మఱియొకటి వ్రాసి, మోకాళ్లపై కూర్చుండి రెండింటిని చూడసాగెను. నేనును ఆయన ప్రక్కన కూర్చుంటిని. రేపల్లెకు పోవు బండి కూత వేసినది, మేమిద్దఱము లేవలేదు.